ఫిలడెల్ఫియా నగర ప్రదర్శనశాలలు



డెలావేర్, స్కూల్‌కిల్ అను రెండు నదుల నడుమ, క్వేకరు మతస్థుడైన విలియం పెన్ 1682లో తిన్నని వీథులు తీర్చి నెలకొల్పిన ఫిలడెల్ఫియా నగరము అమెరికా సంయుక్త రాష్ట్రములకు పుట్టినిల్లు. 1776లో స్వాతంత్ర్య ప్రకటనమును, 1787లో రాజ్యాంగమును ఆ నగరమునందలి ఒకే భవనమున, ఒకే గదియందు సిద్ధమైనవి. 1790 మొదలు 1800 వఱకు ఆ దేశమునకు రాజధానియు అదియే. ఈ సంగతులు పాఠ్యపుస్తకములు చదివినవారందఱు ఎఱిగినవే కావున వానిని విస్తరింపను. నేడు నేను చెప్పబూనినది ఆ నగరమునందలి ప్రదర్శనశాలలను గూర్చి. ఐరోపా ఖండమున రాజులును ప్రభువులును తరతరములుగా కూడబెట్టిన భాండాగారములు పెక్కు కాలక్రమమున ప్రజలకు తెఱువబడి ప్రదర్శనశాలలైనవి. ఫిలడెల్ఫియాలో రాజులు లేరు, రాజభాండాగారములును లేవు. జీనులు కుట్టు పనితో జీవితమారంభించిన చిత్రకారుడొకడు, మందు తయారుచేసి ధనవంతుడైన వైద్యుడొకడు, చలనచిత్రశాలల యజమాని యొకడు, ఇట్టి గృహస్థుల వలనను, పండిత పరిషత్తుల వలనను, నగరవాసుల చందాల వలనను అచ్చటి ప్రదర్శనశాలలు వెలసినవి. తమ్ము తామే ఏలుకొనదలచిన ప్రజలు లోకమును తమ కన్నులతో చూచి, తమ బుద్ధితో తర్కించి తెలిసికొనవలెనను విశ్వాసము వాని పునాదులలో నున్నది. ఆ విశ్వాసమునకు ఏది యెంతవఱకు కట్టుబడినది, ఎచ్చట తప్పినది, తప్పిన పిమ్మట ఏమి చేసినది అని విచారించుచు చూచువారికి ఆ నగరము తన మేలును కీడును ఏదియు దాచక చూపును.

ఈ కథకు ఆద్యుడు చార్లెస్ విల్సన్ పీల్. 1741లో మేరీలాండునందు జన్మించి, బాల్యమున జీనుల పనియందు కుదిరి, పిమ్మట చిత్రలేఖనము నేర్చి, విప్లవ యుద్ధమున తుపాకి పట్టి పోరాడి, ఆ యుద్ధనాయకుల రూపములను ఒక్కొక్కటిగా చిత్రించిన యీ మహనీయుడు 1786లో తన యింటిలోనే ఒక ప్రదర్శనశాలను తెఱచెను. అది రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆద్యుడుగా వెలసిన అమెరికన్ ఫిలసాఫికల్ సొసైటీ వారి మందిరమునకు 1794లోను, పిమ్మట 1802లో స్వాతంత్ర్య ప్రకటనము వెలువడిన ఆ పాత శాసనసభా భవనపు మేడమీదికిని మారినది. ప్రవేశ రుసుము ఇరువదియైదు సెంట్లు. పక్షులను, మృగములను పీల్ తన చేతులతోనే భద్రపఱచి, గాజు పెట్టెలలో నిలిపి, ఏ పక్షి యే తావున నివసించునో ఆ తావును వెనుక చిత్రించి, లిన్నేయస్ పండితుడు నిర్ణయించిన వర్గక్రమమున వరుసలు తీర్చెను. ఆ వరుసలకు పైన దేశనాయకుల చిత్రపటములను వ్రేలాడదీసెను. సృష్టియందలి క్రమమును చూచిన కన్ను సంఘమునందలి క్రమమును కూడ గ్రహింపగలదని ఆతని నమ్మకము.

1801లో న్యూయార్క్ రాష్ట్రమునందొక రైతు పొలమున, నీరు నిండిన గోతియందు, ఏనుగును మించిన యేదో ప్రాచీన మృగముయొక్క యెముకలు బయల్పడినవని విని పీల్ అచ్చటికి పోయి, మనుష్యులు లోపల నడచుచు త్రిప్పునట్టి పెద్ద చక్రమొకటి నిర్మింపజేసి, దాని సహాయముతో నీరు తోడించి, ఆ యస్థులను వెలికి తీయించెను. అదియే మాస్టొడాన్. ఆ యెముకలను కూర్చి నిలువబెట్టి ఫిలడెల్ఫియాలో చూపినప్పుడు జనులు విరివిగా వచ్చి చూచిరి. ఒకప్పుడు జీవించిన జంతుజాతి పూర్తిగా నశించిపోవుననుట ఆ కాలమునందలి విద్యావంతులలో కూడ అనేకులకు నమ్మశక్యము కాని మాట. ఆ మాటకు సాక్ష్యము ఏబది సెంట్లు ప్రత్యేక రుసుము చెల్లించిన ప్రతివాని కన్నులయెదుట నిలిచినది. పుస్తకమున చదువుటకును ఎదుట చూచుటకును గల తారతమ్యము ఇంతకంటె స్పష్టముగా తెలియు సందర్భము అరుదు.

పీల్ తన వార్ధక్యమున, 1822లో, తన రూపమును తానే చిత్రించుకొన్న పెద్ద పటమొకటి నేడు ఆ నగరమునందలి పెన్సిల్వేనియా అకాడమీ ఆఫ్ ది ఫైన్ ఆర్ట్స్ అను సంస్థయందున్నది. వృద్ధుడొకడు ఎఱ్ఱని తెరను చేతితో పైకెత్తి నిలిచియుండగా, వెనుక పొడవైన శాలయు, గాజు పెట్టెల వరుసలును, వానిమీద చిత్రపటములును కనబడును; ఒక తండ్రి తన కుమారునకు ఏమో చూపుచుండును; క్వేకరు స్త్రీ యొకతె ఆశ్చర్యముతో చేతులెత్తి నిలిచియుండును. ప్రదర్శనశాలల చరిత్రను గూర్చి ఒక్క చిత్రమే చూడగల సమయమున్నవారికి నేను ఈ చిత్రమునే చూడుమని చెప్పుదును.

అయితే ఆ తెర వెనుక మఱియొకడుండెను. మోసెస్ విలియమ్స్ అనువాడు పీల్ ఇంట బానిస. ఆతడు 1802 ప్రాంతమున విముక్తుడై, ఆ ప్రదర్శనశాలయందే, చూడవచ్చినవారి ముఖముల పార్శ్వరూపములను యంత్రసహాయమున తెల్లని కాగితముపై కత్తిరించి యిచ్చుచు జీవించెను. వేలకొలదిగా వెలువడిన ఆ ఛాయారూపములపై ప్రదర్శనశాల ముద్రయే గాని ఆతని పేరు లేదు. ఆ నైపుణ్యము చిరకాలము ఇతరులకే చెల్లినది. నేటి పండితులు ఆ ఋణమును తీర్చుచున్నారు.

పీల్ కోరిక తన సంస్థను ప్రభుత్వము జాతీయ సంస్థగా స్వీకరింపవలెనని. అది ఫలింపలేదు. 1827లో ఆతడు గతించిన పిమ్మట కొన్నియేండ్లకు వస్తువులు చెల్లాచెదరై అమ్ముడుపోయినవి. మాస్టొడాన్ జర్మనీ దేశమునకు తరలిపోయి డార్మ్‌స్టాట్ నగరమున నిలిచినది. చిత్రపటములను మాత్రము 1854 నాటి వేలములో పెక్కింటిని నగరపాలకులు కొని నిలుపుకొనిరి. గ్రీకు దేవాలయపు ఫణితిని కట్టబడిన సెకండ్ బ్యాంక్ అను పాత భవనమున ఆ ముఖములను నేడును చూడవచ్చును.

ఆ భవనమునకు కూతవేటు దూరముననే పాత శాసనసభా భవనమున్నది. నేడు దానిని ఇండిపెండెన్స్ హాల్ అందురు. 1816లో రాష్ట్ర ప్రభుత్వము దాని ఆవరణమును ఇండ్ల స్థలములుగా అమ్మివేయ నిశ్చయింపగా, నగరమువారు 70,000 డాలర్లకు దానిని కొని కాపాడిరి. లోపలి సభామందిరమున నాటిదని నిశ్చయముగా చెప్పదగిన ఉపకరణము రాజ్యాంగ సభకు అధ్యక్షత వహించిన వాషింగ్టన్ కూర్చుండిన కుర్చీ. తక్కిన సామగ్రి చాలవఱకు ఆ కాలపుదే యైనను ఆ గదిది కాదని అచ్చటివారే స్పష్టముగా చెప్పుదురు. ఈ నిజాయితీ నాకు ఎంతయో నచ్చినది.

వీథి దాటినచో లిబర్టీ బెల్ అను ఘంట. 1752లో లండన్ నుండి వచ్చి, పరీక్షింపబోవగా పగిలి, స్థానిక లోహకారులైన పాస్, స్టో అనువారిచే కరిగించి మరల పోతపోయబడి 1753లో వ్రేలాడిన ఆ ఘంటను చూచుటకు ప్రపంచమునందలి అన్ని దేశములవారును బారులు తీరి నిలుచుందురు. దానిపైని బైబిలు వాక్యము దేశమంతటను స్వేచ్ఛను చాటుడని పలుకును. ఆ వాక్యమును మనసునకు పట్టించుకొని, ఆ ఘంటకు స్వేచ్ఛా ఘంట యను పేరును 1830ల నుండి ప్రచారము చేసినవారు విప్లవ వీరులు కారు. నల్లజాతివారి బానిసత్వమును నిర్మూలింపవలెనని పోరాడిన ఉద్యమకారులు. అనగా ఆ ఘంటకు గల కీర్తి, దేశము తన మాటను నిలుపుకొనలేదని ఎత్తిచూపినవారు పెట్టిన భిక్ష.

ఆ ఘంటామందిరపు వాకిటనే వాషింగ్టన్ అధ్యక్షుడుగా 1790 మొదలు 1797 వఱకు నివసించిన ఇంటి స్థలమున్నది. ఇల్లు పందొమ్మిదవ శతాబ్దముననే కూల్చివేయబడినది. ఆ యింట ఆతడు తొమ్మండుగురు బానిసలను ఉంచుకొనెను. పెన్సిల్వేనియా రాష్ట్రపు 1780 నాటి చట్టము ననుసరించి, పరరాష్ట్రమువాడు తెచ్చిన బానిస అచ్చట ఆఱుమాసములు ఎడతెగక నివసించినచో విముక్తిని కోరవచ్చును. ఆ గడువు నిండకుండ వారిని మాటిమాటికి రాష్ట్రము దాటించి మరల తెప్పించుచుండుట అధ్యక్షుని యింట ఆచారమయ్యెను. వారిలో ఓనా జడ్జ్ అను యువతి 1796లో ఆ యింటివారు భోజనము చేయుచుండగా బయటికి నడచి, ఓడయెక్కి న్యూహాంప్‌షైర్ చేరుకొని, ఎన్ని విధముల పిలిపించినను తిరిగి రాక, బీదరికమున నైనను స్వతంత్రురాలుగనే 1848లో కన్నుమూసెను. ఈ శతాబ్దారంభమున ఘంటకు క్రొత్త మందిరము కట్టునప్పుడు, బానిసలు పరుండిన తావు మీదుగనే దాని ప్రవేశద్వారము ఏర్పడుచున్నదని చరిత్రకారులు వెల్లడింపగా, నగరమునందలి ఆఫ్రికన్ అమెరికనులు ఏండ్లతరబడి ఆందోళన చేసిరి. 2007లో త్రవ్వి చూడగా వంటయింటి పునాదులును, నౌకర్లు నడచు భూగర్భమార్గమును బయల్పడినవి. 2010 డిసెంబరులో ఆ స్థలము స్మారకముగా ప్రజలకు తెఱువబడెను. పునాదులను గాజు గుండ చూడవచ్చును. ఘంటను చూచి ఈ పునాదులను చూడక వెడలిపోవువారు సగము మాత్రమే చూచినవారని నా దృఢాభిప్రాయము.

ఇక చిత్రకళకు వత్తము. ఇంతకుముందు పేర్కొన్న అకాడమీ 1805లో స్థాపింపబడినది. చిత్రకళాశాలయు, చిత్రప్రదర్శనశాలయు ఒక్క కప్పు క్రింద ఉండుట ఆ దేశమున దానితోనే ఆరంభము. 1876లో వాస్తుశిల్పి ఫ్రాంక్ ఫర్నెస్ నమూనా ననుసరించి లేచిన దాని భవనము, ఎఱ్ఱని యిటుకలు, గోధుమవర్ణపు రాళ్లు, లోపల నీలి కప్పుపై వెండి నక్షత్రములు గలదై, బయటనుండియే నిలబెట్టి చూపించుకొనును. అచ్చట ఉపాధ్యాయుడై, జీవించియున్న మానవదేహమును చూచి చిత్రించుట నేర్పవలెనని పట్టుబట్టి, స్త్రీలు చదువు తరగతియందు పురుష దేహమును పూర్తిగా అనాచ్ఛాదితముగా చూపినందులకు 1886లో ఉద్యోగము పోగొట్టుకొన్న థామస్ ఈకిన్స్, ఆ నగరము కన్న చిత్రకారులలో అగ్రగణ్యుడు.

ఈకిన్స్ 1875లో చిత్రించిన గ్రాస్ క్లినిక్ అను పటమును గూర్చి కొంత చెప్పవలెను. జెఫర్సన్ వైద్య కళాశాలయందు శామ్యూల్ గ్రాస్ అను శస్త్రవైద్యుడు ఒక రోగి తొడయెముకకు శస్త్రచికిత్స చేయుచు, రక్తసిక్తమైన చేతిలో కత్తితో, క్షణకాలము ఆగి విద్యార్థులవైపు తిరిగి బోధించుచున్నాడు. ప్రక్కన స్త్రీ యొకతె, రోగి తల్లియని తలపబడునామె, చూడలేక ముఖము కప్పుకొన్నది. వెలుగంతయు ఆ వైద్యుని ఫాలముపైనను, ఆ చేతిపైనను పడును. 1876 నాటి శతవార్షిక ప్రదర్శనమున దీనిని చిత్రశాలయందు ఉంచుటకు నిరాకరించి, వైద్యసామగ్రి చూపు విభాగమున వ్రేలాడదీసిరి. 1878లో 200 డాలర్లకు వైద్య కళాశాలకు చేరిన ఈ పటమును 2006లో 68 మిలియన్ డాలర్లకు పరనగర సంస్థలకు అమ్మజూపగా, ఆ సొమ్ము చెల్లించినచో నగరమే ఉంచుకొనవచ్చునని కొద్ది వారముల గడువు దొరకినది. వేలకొలది పౌరులు చందాలిచ్చిరి. అప్పటికిని చాలక, అకాడమీ తన యొద్దనున్న ఈకిన్స్ పటమునే మఱియొకదానిని అమ్ముకొనవలసి వచ్చినది. నేడు గ్రాస్ క్లినిక్ అకాడమీకిని, నగరమునందలి చిత్రకళా ప్రదర్శనశాలకును ఉమ్మడి సొత్తు. ఒక చిత్రముకొఱకు ఒక నగరము పడిన ఈ తపన విన్న పిమ్మట ఆ పటము ముందు నిలుచుట వేఱు.

వైద్యుడొకడు మందు తయారుచేసి ధనవంతుడాయెనని మొదట అంటిని. ఆతడే ఆల్బర్ట్ బార్న్స్. 1872లో శ్రామికుల యింట పుట్టి, వైద్యము చదివి, పసిబిడ్డల కన్నులకు అంటువ్యాధి సోకకుండ వేయు ఆర్జిరాల్ అను వెండి సమ్మేళనపు మందును తయారుచేసి, విశేషధనము గడించి, ఆ ధనముతో ఫ్రెంచి చిత్రకారుల కృతులు, అనగా రెన్వార్ పటములు 181, సెజాన్ పటములు 69, మతీస్ పటములు 59 సేకరించెను. ఇంత సేకరించి యుంచిన ఇల్లు వేఱొకటి యుండదనవచ్చును. కర్మాగారమున పనివారికి పని గంటలలోనే చిత్రములను చూపి చర్చలు నడిపించిన ఆ మనుష్యుడు, 1922లో స్థాపించిన తన సంస్థను ప్రదర్శనశాలగా గాక పాఠశాలగా భావించి, పండితులను, ధనికులను వాకిటనుండియే త్రిప్పి పంపి, శ్రామికులకును విద్యార్థులకును తలుపు తీసెను. ఆతని గోడలపై చిత్రములకు పేరులు వ్రాసిన చీటీలు లేవు. సెజాన్ ప్రక్కన తలుపు గొళ్లెము, రెన్వార్ పైన ఇనుప తాళము, క్రింద పల్లెటూరి పెట్టె, వంకర వంకరను, రంగు రంగును పిలుచునట్లు ఆతడే కూర్చిన కూర్పులవి. నేను మొదటి గదియందు ఏది ఎవరి చిత్రమో వెదకుకొనుచు కొంతసేపు గడపితిని. పిదప ఆ వెదకుటను మానిన తరువాతనే ఆ గోడ నాకు చూపుటకు ఉద్దేశించినది కనబడజొచ్చినది.

ఏదియు కదలింపరాదని, మెరియన్ అను ఉపనగరమునందే ఉండవలెనని ఆతడు వ్రాసిన శాసనమును ఆతడు గతించిన అర్ధశతాబ్దమునకు న్యాయస్థానము సడలింపగా, 2012లో ఆ గదులన్నియు అదే కొలతలతో, అదే కూర్పులతో నగర మధ్యమునందలి క్రొత్త భవనమున పునర్నిర్మింపబడినవి. మృతుని మాట దాటుట ధర్మమా యని నేటికిని వాదించువారు గలరు. వారి బాధ నాకు అర్థమగును. అయినను, పనివానికి చూపవలెనని సేకరించిన సంపద పనివాడు బస్సు దిగి నడచి రాగల తావున నుండుట బార్న్స్ మాటకు భంగమైనను బార్న్స్ ఆశయమునకు భంగము కాదని నేను తలంతును.

బార్న్స్ క్రొత్త భవనమున్న వీథియందే, చలనచిత్రశాలల యజమానియైన జూల్స్ మాస్ట్‌బామ్ సేకరించిన ఫ్రెంచి శిల్పి రోడాన్ శిల్పములకు 1929లో తెఱచిన చిన్న మందిరమున్నది; ఎండవేళ దాని తోటలో కూర్చుండుట సుఖము. 1812లో పుట్టిన ప్రకృతిశాస్త్ర పరిషత్తు, 1868లో హాడ్రోసారస్ అను డైనోసారు యస్థిపంజరమును కూర్చి నిలిపి, ప్రపంచమున ఆ పని మొదట చేసిన ఖ్యాతి గాంచినది. ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్ నందు 1954 నుండి మనుష్యుని గుండెను మహాకారముగా నిర్మించియున్నారు. పిల్లలు రక్తబిందువులు నడచు దారిని తామును నడచి, గదినుండి గదికి పోయి, ఊపిరితిత్తులు చుట్టివచ్చి బయటపడుదురు. పిల్లలున్నవారు దీనిని విడువరాదు. వైద్యుల పరిషత్తువారి మ్యూటర్ ప్రదర్శనశాల 1863 నాటిది. థామస్ డెంట్ మ్యూటర్ అను శస్త్రవైద్యుడు బోధనకై సేకరించిన వికృతాస్థులు, వ్యాధిగ్రస్తాంగములు అందున్నవి. మనుష్యుల దేహములను ఇట్లు చూపవచ్చునా, వారి సమ్మతి యెవరు తీసికొనిరి అను ప్రశ్న ఆ సంస్థను నేడు కలవరపెట్టుచున్నది. కలవరపెట్టవలసిన ప్రశ్నయే. దుర్బలచిత్తులు, చిన్నపిల్లలు పోకుండుట మేలు.

ఈస్టర్న్ స్టేట్ అను పాత కారాగారమును మాత్రము పోయి చూడవలెను. ఏకాంతమున ఉంచినచో నేరస్థుడు పశ్చాత్తప్తుడై మాఱునను క్వేకరుల సదుద్దేశముతో 1829లో తెఱువబడిన ఈ చెఱసాలయందు ప్రతి ఖైదీకి ఒక గది, పైకప్పున ఆకాశము కనబడు చిన్న రంధ్రము, మాటలాడుటకు ఎవరును లేరు. 1842లో దీనిని చూచిన ఆంగ్ల నవలాకారుడు చార్లెస్ డికెన్స్, దేహమును కొట్టుటకంటె మనస్సునిట్లు హింసించుట క్రూరమని ఖండించెను. 1971లో మూతపడి, 1994 నుండి ప్రదర్శనశాలగా నడచుచున్న ఆ శిథిలకుడ్యముల నడుమ, మంచివారు మంచికోరి చేసిన కీడు ఎట్టిదో తెలియును.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమువారి పురావస్తు ప్రదర్శనశాల 1887లో స్థాపితమైనది. ప్రాచీన మెసపొటేమియాలోని నిప్పూరు నగరమున త్రవ్విన వేలకొలది మట్టిపలకలను చదివి సుమేరు సాహిత్యమును లోకమునకు అందించిన పండితులు ఈ సంస్థవారు. 1922 మొదలు 1934 వఱకు బ్రిటిష్ మ్యూజియముతో కలిసి లియనార్డ్ వూలీ ఆధిపత్యమున ఊర్ అను నగరమున జరిపించిన త్రవ్వకములలో లభించిన పువాబీ రాణి ఆభరణములు ఇచ్చట నున్నవి: బంగరు ఆకుల శిరోభూషణము, నీలి లాపిస్ లాజులీ పూసలు, ఎఱ్ఱని కార్నీలియన్ పూసలు. ఆ యెఱ్ఱని పూసలు సింధులోయ నాగరికతతో వర్తకమువలన చేరినవని పురావస్తు శాస్త్రజ్ఞులు చెప్పుదురు. నాలుగువేల ఐదువందల ఏండ్ల క్రిందట మన ఉపఖండమునుండి సముద్రము దాటి పోయినవి మఱి సముద్రములు దాటి అమెరికా చేరినవి. ఈజిప్టునుండి 1913లో వచ్చిన, పండ్రెండు టన్నులకు పైబడిన ఎఱ్ఱరాతి స్ఫింక్స్ విగ్రహమును ఇచ్చటనే చూడవచ్చును. వీనియన్నిటికంటె నేను గౌరవించునది యొక కాగితము. ఎచ్చట త్రవ్వబడినదో, ఎట్లు వచ్చినదో ఆధారములు లేని ప్రాచీన వస్తువును ఇక మేము కొనమని 1970 ఏప్రిల్‌లో ఈ సంస్థ ప్రకటించెను. ఈ విషయమై అంతర్జాతీయ ఒడంబడిక పుట్టుటకు అది కొన్ని మాసముల ముందటి మాట. దేవాలయ విగ్రహముల దొంగతనమువలన మన దేశము ఎంత నష్టపోయినదో ఎఱిగిన మనకు ఆ కాగితము విలువ వేఱుగా చెప్పనక్కఱలేదు.

చివరకు, ఫెయిర్‌మౌంట్ కొండపైని చిత్రకళా ప్రదర్శనశాల. 1876 శతవార్షిక ప్రదర్శనమునుండి పుట్టి, 1928లో ఈ గ్రీకు ఫణితి మహాభవనమునకు మాఱిన సంస్థ యిది. భవన నిర్మాణమున ప్రముఖపాత్ర వహించిన జూలియన్ ఏబెల్, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున వాస్తుశాస్త్ర పట్టము పొందిన తొలి ఆఫ్రికన్ అమెరికనుడు. దాని సోపానములపై పరుగెత్తి చిత్రము తీయించుకొని వెనుదిరుగువారు నిత్యము వందలకొలది. వారితో నాకు తగవు లేదు. కాని లోపలికి పోవలెను. సెజాన్ చరమదశయందు చిత్రించిన స్నానఘట్టపు మహాపటమును, వాన్ గో సూర్యకాంతి పుష్పములను చూడవలెను. ఆ పిమ్మట దక్షిణాసియా విభాగమునకు పోవలెను.

అచ్చట మదుర మదనగోపాలస్వామి ఆలయపు మండపమున్నది. ఆలయపు ఆవరణమున కూలిపడియున్న స్తంభములను 1912లో అడెలీన్ పెప్పర్ గిబ్సన్ అను ఫిలడెల్ఫియా మహిళ మదురలో కొని ఓడపై తెప్పించెను. 1919లో ఆమె మరణింపగా కుటుంబీకులు ఆమె స్మృత్యర్థము వానిని సంస్థకు సమర్పించిరి. నార్మన్ బ్రౌన్ అను సంస్కృత పండితుడు మదురకు స్వయముగా పోయి, ఆలయములను పరిశీలించి, ఏ స్తంభము ఎచ్చట నుండదగునో విచారించి 1940లో గ్రంథము ప్రకటించెను. రాతి స్తంభములు రెండు వరుసలుగా నిలిచి, గరుడుడు, హనుమంతుడు మున్నగువారు నిలువెత్తున ముందునకు వచ్చినట్లుండగా, గర్భగృహమునకు పోవు త్రోవ వలె ఆ మండపము సాగును. ఆసియా ఖండమునకు వెలుపల, దక్షిణదేశపు శిలామండపము లోపల నిలిచి చూడదగిన ప్రదర్శనశాల ఇదొక్కటేయని చెప్పుదురు.

ఈ శిల్పము పదునాఱవ శతాబ్ది మధ్యకాలపుది. అనగా విజయనగర ప్రతినిధియై విశ్వనాథ నాయకుడు మదుర నేలిన కాలము. ఆ నాయకరాజులు తెలుగువారు. తమిళభూమిని తమిళశిల్పులచేత ఆలయములు కట్టించుచు, తమ కొలువున తెలుగు వాఙ్మయమును పోషించినవారు. ఆ స్తంభములు తమిళశిల్పుల చేతిపని యనుట నిస్సంశయము, ఆ గౌరవము వారిదే. ఆ రాజ్యకాలము మాత్రము మన చరిత్రలోని అధ్యాయము కూడ. పూజ నిలిచి, దీపము లేక, నైవేద్యము లేక, సముద్రముల కావల నిలిచిన హనుమంతుని చూచినప్పుడు ఆస్తికుని హృదయము కలుక్కుమనుట సహజము. కూలిన రాళ్లు అచ్చటనే యుండినచో ఏమైయుండునో చెప్పలేము గాని, అమ్మదగినవి యని నిర్ణయించినవాడు ఎవడైనను, ఆ నిర్ణయము నాకు బాధాకరమే. ఆ బాధతోనే నేను ఇదియు ఒప్పుకొందును: శాంతినికేతనమునను, కలకత్తాయందును బోధించి, మన ఆలయశిల్పమునకు జీవితమంతయు ధారవోసిన స్టెల్లా క్రామ్రిష్ 1954 నుండి ఈ విభాగమును పోషించినది. 1981లో శివమూర్తుల ప్రదర్శనమును ఏర్పాటుచేసి, మన శిల్పమును వింతవస్తువుగా గాక దర్శనముగా చూచుట ఆ దేశమువారికి నేర్పినది.

పెన్సిల్వేనియా, న్యూజెర్సీ రాష్ట్రములలో నేడు తెలుగు కుటుంబములు అనేకము స్థిరపడినవి. ఏటేట మన పెద్దలు బిడ్డలను, మనుమలను చూడ పోవుచున్నారు. వారికి నా మనవి. ఫిలడెల్ఫియాను ఒక్క పూటలో ఘంటవద్ద ప్రారంభించి మెట్లవద్ద ముగింపకుడు. కనీసము రెండు దినములుంచుకొనుడు. మొదటి దినము ఘంటయు, అధ్యక్షుని యింటి పునాదులును, పీల్ చిత్రపటములును. రెండవ దినము బార్న్స్ గదులును, కొండమీది భవనమును. మదుర మండపమున గరుడుడు ఎవరో, హనుమంతుడు ఎందులకు చేతులు జోడించెనో అచ్చట పుట్టి పెరిగిన మనుమలకు చెప్పగలవారు మీరే. ఆ స్తంభముల ప్రక్కనున్న ఫలకములలో అంత కథ పట్టదు. ప్రక్కన నిలిచిన అన్యులు అడిగినచో వారికిని చెప్పుడు. ఆ మండపమునకై ఒక పూటను ప్రత్యేకముగా ఉంచుకొని పొండు.